బయ్యన్న రాకుమారుణ్ణి అమ్మలేదు

చెన్నకేశవులుకు సేద్యం చేతకాదని ఆళ్లగడ్డలో అందరికీ తెలుసు. ఆయనకైతే అందరికంటే ముందే తెలుసు. తాతల నాటి నల్లరేగడి, పత్తి విరగకాసే భూమి. పంపకాల్లో ఆయన వంతుకు వచ్చింది కూడా మేలైన చెక్కే. అయినా పక్కనే అన్న చేలో కాయ పగిలి తెల్లగా మెరుస్తుంటే ఈయన చేలో గడ్డి ఏపుగా పెరిగేది. నంద్యాలలో స్కూలు ఫైనలు దాకా చదివి, అక్కడ లెక్కల దగ్గర బోర్లాపడి, ట్రంకుపెట్టె మోసుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషి. ఆ పెట్టెలో ఉన్నవి లెక్కల పుస్తకాలైతే గట్టెక్కేవాడేమో గాని, అన్నీ కథల పుస్తకాలే.

కూలీలకు పని పురమాయించేది, విత్తనం ఎంచేది, ఎద్దుల జబ్బు కనిపెట్టేది ఆయన భార్య రామసుబ్బమ్మ. ఆయన కళ్లంలోకి వస్తే కూలీలు మర్యాదగా లేచి నిలబడి, ఆమె ఏం చెబుతుందోనని ఇంటివైపు చూసేవాళ్లు. ఇలాంటి మగవాడికి లోకంలో ఎక్కడో ఒకచోట గొప్పతనం దొరక్కపోతే బతుకు గడవదు. చెన్నకేశవులుకు ఆ చోటు ఇంటిముందు వసారా.

పొద్దు వాలి పశువులు ఇల్లు చేరాక, అన్నాలకు ముందు, కొలిమిగుండ్ల బండలు పరిచిన ఆ వసారాలో ఆయన పుస్తకం తెరిచేవాడు. ఆ కాసేపూ వీధికంతటికీ ఆయనే దొర. రాకాసి మాట్లాడితే రాకాసిలాగే గర్జించేవాడు. రాకుమారి ఏడిస్తే ఆయన గొంతూ వణికేది. వినేవాళ్లు సేద్యగాళ్లు, గానుగ ఆడించేవాళ్లు, తలుపు చాటున ఆడవాళ్లు. వాళ్లలో సంతకం వచ్చినవాళ్లు ఒకరిద్దరుంటే ఉన్నారేమో, పుస్తకం చదవగలవాడు మాత్రం లేడు. పురాణం కావలసినవాళ్లకు గుడి దగ్గర అయ్యవారు ఉన్నాడు. మాయలూ మంత్రాలూ కావలసినవాళ్లు ఇక్కడికి వచ్చేవాళ్లు.

వాళ్లకు ప్రాణమైన పుస్తకం ‘ఏడు గవాక్షాల కోట’. కోస్తా తట్టు ఎవరో రాసిన మూడు భాగాల నవల. మాంత్రికుడి కోటలో చిక్కుకున్న రాకుమారిని విడిపించడానికి జయంతసేనుడనే రాకుమారుడు కీకారణ్యంలో పడి పోతాడు. కోటకు ఏడు గవాక్షాలు, ఒక్కోదానికి ఒక్కో గండం. అక్కడిదాకా అతనికి దారి చూపేవాడు బయ్యడనే చెంచు. పుస్తకంలో బయ్యడే గాని, నాలుగు సాయంత్రాలు గడిచేసరికి వసారాలో అందరికీ అతను బయ్యన్న అయిపోయాడు. తేనెటీగ ఎగిరిన తీరు చూసి నీళ్లెక్కడున్నాయో చెప్పగలడు. పులి అడుగు చూసి అది తిన్నదో పస్తున్నదో చెప్పగలడు. రాకుమారుడికి కత్తి తిప్పడం తప్ప ఇంకేమీ తెలియదు, అన్నీ బయ్యన్నే చూసుకోవాలి.

బయ్యన్న పేరు వింటే అందరికంటే ఎక్కువ పొంగిపోయేవాడు దాసరయ్య. అహోబిలం పైనున్న చెంచుగూడెం మనిషి. సంతరోజు తేనె, కుంకుడుకాయలు, బంక తెచ్చి అమ్ముకుని, తిరుగుదారి పట్టకుండా వచ్చి వసారా మెట్టు పక్కన కూర్చునేవాడు. పైకి రమ్మన్నా వచ్చేవాడు కాదు. రాత్రికి ఆ ఇంటి పశువుల కొట్టంలోనే పడుకుని తెల్లారి కొండ ఎక్కేవాడు. అతనికోసమే ఆ నవలను సంతరోజుకు అట్టిపెట్టేవాళ్లు. జనం అతన్ని వేళాకోళానికి ‘బయ్యన్నా’ అని పిలవడం మొదలుపెట్టారు. రానురాను అందులో వేళాకోళం పోయి పిలుపు మిగిలింది. పుల్లయ్య అని ఆ వీధిలో మోతుబరి రైతు ఉన్నాడు, నోరు పెద్దది. చెంచువాళ్లను అంతవరకు పేరుపెట్టి పిలిచి ఎరగడు. అలాంటివాడు కూడా ‘ఏం బయ్యన్నా, పులి కనపడెనా’ అని పలకరించి బీడీ అందించేవాడు.

అలా సాగుతుండగా నాలుగో గవాక్షం వచ్చింది. చదివేవాడి కన్ను నోటికంటే రెండు వాక్యాలు ముందు నడుస్తుంది. ఆ సాయంత్రం చెన్నకేశవులు నోరు ఇంకా వెన్నెల వర్ణన దగ్గర ఉండగానే కన్ను పోయి కింది పంక్తి మీద పడింది. కుండెడు సారాకూ ఒక ఎర్ర గుడ్డకూ ఆశపడి, నిద్రపోతున్న రాకుమారుణ్ణి బయ్యడు మాంత్రికుడికి అమ్మేశాడని ఉంది. అడవి జాతికి విశ్వాసమెక్కడిదని రచయిత ఒక ముక్క కూడా తగిలించాడు.

చెన్నకేశవులు చదవడం ఆపేశాడు. దాహమైందని చెంబు అందుకున్నాడు. తన బయ్యన్న ఇప్పుడేం చేస్తాడోనని మెట్టు పక్కన దాసరయ్య నోరు తెరుచుకుని ఉన్నాడు. ఆ మనిషి ముందు ఆ ముక్క చదవడానికి చెన్నకేశవులుకు నోరు రాలేదు. అది జాలో, మొహమాటమో, పదిమందిలో ఒకడి ముఖం వాడిపోతే చూడలేని పిరికితనమో, ఆయనకే తెలియదు. చెంబు దించి నోటికొచ్చింది చెప్పాడు.

మాంత్రికుడు సారా చూపించాడు, బయ్యన్న ఛీకొట్టాడు. నాలుగో గవాక్షం ప్రాణమున్న మనిషి భుజం ఆనితేనే తెరుచుకుని ఉంటుంది, కాని ఆన్చినవాడు రాయైపోతాడు. ‘నువ్వు పో సామీ, కిటికీ నేను పట్టుకుంటా’ అని బయ్యన్న భుజం ఆన్చాడు. రాకుమారుడు దూరిపోయాడు. బయ్యన్న పాదాల నుంచి రాయవుతూ వచ్చి, చివరికి కళ్లు రెండే మిగిలాయి. ఆ కళ్లు రాకుమారుడు వెళ్లిన దిక్కే చూస్తున్నాయి. చెప్పడం అయ్యేసరికి పుల్లయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. తలుపు చాటున ఎవరో వెక్కుతున్నారు. దాసరయ్య చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

ఆ రాత్రి చెన్నకేశవులుకు నిద్ర పట్టలేదు. తప్పు చేశానని కాదు, ఎంత బాగా చెప్పానని. చేతిమీదుగా ఒక్క పంటా సరిగ్గా పండని మనిషికి నోటిమీదుగా పండిన పంట అది. తర్వాత జనం మళ్లీ మళ్లీ ఆ ఘట్టమే అడిగేవాళ్లు. ఆయన పుస్తకం విప్పి పట్టుకుని, ఏటికేడు దాన్ని పెంచుతూ పోయాడు. కథ చివర రాకుమారుడు తిరిగొచ్చి, బయ్యన్నను బతికించి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినడం కూడా చేర్చాడు. బయ్యడి తల నరికించే పేజీ మూడో భాగంలో ఉంది. ఆ పేజీని వేలితోనే దాటించేవాడు, కంటితో చూసేవాడు కాదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు ఆ నవల సినిమాగా వచ్చింది. నంద్యాల హాలువాళ్ల జట్కా తప్పెట కొట్టుకుంటూ వచ్చి ఆళ్లగడ్డ వీధుల్లో రంగురంగుల కాగితాలు పంచింది. ఇక వసారాలో చదువు సాగలేదు, వాదనలే. ఎగిరే మంచాన్ని ఎట్లా చూపిస్తారని ఒకడు, తాళ్లు కట్టి లాగుతారని ఇంకొకడు. తాళ్లు కనపడితే ఇక మాయేముందని మూడోవాడు. జయంతసేనుడి వేషం కట్టిన నటుడికి పొట్ట ఉందని, ఆ పొట్టతో ఏ గవాక్షంలోనూ పట్టడని పుల్లయ్య తేల్చేశాడు. రాకుమారి పుస్తకంలో ఉన్నంత అందంగా ఉండదని అందరూ ఒప్పుకున్నారు. బయ్యన్న రాయయ్యేది మాత్రం ఎలా తీసినా ఏడుపు ఆగదని పుల్లయ్య అంటే ఎవరూ కాదనలేదు. ఆ వేషం ఎవరు కట్టారని దాసరయ్య ఒక్కటే అడిగాడు. ఆ పేరు ఎవరికీ తెలియదు.

పత్తితీతలు పెట్టుకుని సినిమా ఏమిటని చెన్నకేశవులు ఒకసారి అనిచూశాడు. ఆయన నోట పత్తి మాట విని జనం పడీపడీ నవ్వారు. సినిమావాళ్లు పుస్తకాన్ని ఎక్కడ పాడుచేస్తారోనని వసారా అంతా భయపడుతుంటే, పాడుచేస్తే బాగుండునని అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నవాడు ఆయనొక్కడే.

దాసరయ్య గూడెంలో ఈ కథ చెప్పడం మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో. మనవాడు సినిమాలో ఉన్నాడని భార్య సుంకమ్మను, పెదనాయన చెంచయ్యను, ఇంకొంతమందిని కొండ దింపి తీసుకొచ్చాడు. వాళ్లలో చాలామందికి బస్సెక్కడం అదే మొదలు. సుంకమ్మ కొత్త చీర కట్టుకుంది. ముసలి చెంచయ్య దారిపొడుగునా, బయ్యన్న మన గూడెం వాడా, ఆత్మకూరు పక్క గూడెం వాడా అని దాసరయ్యను అడుగుతూనే ఉన్నాడు. ముందు సీట్లో కూర్చున్న చెన్నకేశవులు ఆ మాటలన్నీ వింటున్నాడు. బస్సు ఎక్కడైనా చెడిపోతే బాగుండునని ఆయన ఆశ. ఆ రోజు బస్సు ఎప్పుడూ లేనంత బాగా నడిచింది.

మధ్యాహ్నం ఆట. రైతులు బెంచీల మీద, చెంచులు ముందు నేల మీద కూర్చున్నారు. బయ్యడి వేషగాడు ఒళ్లంతా మసి పూసుకుని, నెత్తిన కోడి ఈకలు గుచ్చుకుని, గంతులేస్తూ వచ్చాడు. హాలు గొల్లుమంది. నేల మీది చెంచులు కూడా నవ్వారు. ఆ వచ్చింది తమవాడని వాళ్లకు తెలియలేదు. నాలుగో గవాక్షం దగ్గర వాడు సారాకుండ ఎత్తి గటగటా తాగి, ఎర్ర గుడ్డ తలకు చుట్టుకుని, నిద్రపోతున్న రాకుమారుడి వైపు వేలు చూపించాడు. హాలంతా ఈలలు, బూతులు. చెంచుజాతినే కలిపి ఎవడో తిట్టాడు. చెన్నకేశవులు తెర చూడటం లేదు, దాసరయ్య వీపు చూస్తున్నాడు. పక్కనున్న పెదనాయన తిరిగి ఏదో అడిగాడు. దాసరయ్య తల అడ్డంగా ఊపాడు.

ఆట విడిచాక హాలు ఎదుట సోడా అంగడి దగ్గర జనం గుమిగూడారు. నంద్యాలలో ఆ నవలంటే పడిచచ్చే జట్టు ఒకటుంది. దానికి పెద్ద గురుస్వామి, ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. సినిమా మీద దావా వేసినట్టే మాట్లాడుతున్నాడు. మూడో గవాక్షం మొత్తం మింగేశారట. పుస్తకంలో నోరు విప్పని రాకుమారి ఇక్కడ నిలబడ్డా పాట, కూర్చున్నా పాటట. కోట వాకిలి కాసే మహానాగం అట్టముక్కల పామట, దాని కుట్లు కూడా తనకు కనపడ్డాయట. ఎగిరే మంచం మాత్రం బాగుందని ఆయన పక్కనున్నవాడు అన్నాడు. బాగుంటే నువ్వే ఎక్కిపో అని గురుస్వామి అతని నోరు మూయించాడు.

వాదనంటే పుల్లయ్య దూరంగా ఉండలేడు. పామూ పాటలూ పోనీయమని, బయ్యన్నను అంత నీచంగా ఎందుకు తీశారని అడిగాడు.

“ఆ ఒగటే సరిగ్గా తీసినారప్పా,” అన్నాడు గురుస్వామి. “పుస్తకంలో ఎట్లుండాదో అట్లనే.”

పుల్లయ్య భగ్గుమన్నాడు. పుస్తకంలో బయ్యన్న కిటికీ పట్టుకుని రాయైపోయాడని, తాము ఏళ్ల తరబడి విన్నామని, చదువుకున్నవాళ్లు ఇలా మాట్లాడవచ్చా అని అడిగాడు. నంద్యాలవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. రాయవడమేమిటి, కిటికీ పట్టుకోవడమేమిటి, మీ ఊళ్లో పుస్తకం వేరేనా అన్నారు. ఆళ్లగడ్డవాళ్లు గొంతులు పెంచారు. అప్పుడు జనాన్ని తప్పించుకుంటూ దాసరయ్య ముందుకొచ్చాడు.

“బయ్యన్న రాకుమారుణ్ణి అమ్మలేదు,” అన్నాడు. “మా సామి చెప్పినాడు. ఈడనే ఉండాడు, అడగండి.”

అందరూ చెన్నకేశవులు వైపు తిరిగారు. గురుస్వామి మర్యాదస్తుడు. చదువుకున్న మనిషిని చూసినట్టు చూసి, అన్నా అని పిలిచి, బయ్యడు అమ్మినాడో లేదో మీరే చెప్పండి అన్నాడు. అనుమానముంటే పుస్తకం తమ రీడింగ్ రూములోనే ఉందని, తెప్పిస్తానని ఒక మనిషిని పంపాడు కూడా.

పుస్తకంలో అలా లేదు, ఆ ముక్క నాది. అంతే, అంతకంటే చెప్పవలసింది లేదు. ఆ మాట చెన్నకేశవులు నాలుక చివరిదాకా వచ్చింది. కాని చుట్టూ ఉన్నది నంద్యాల. ఆయన పరీక్ష తప్పిన ఊరు. పుస్తకం పట్టుకుని పదేళ్లు పల్లెజనాన్ని మోసం చేసిన చదువురాని మొద్దు అని వీళ్లు నవ్వుతారు, ఆ నవ్వు బస్సెక్కి తనకంటే ముందే ఆళ్లగడ్డ చేరుతుంది. రీడింగ్ రూముకు వెళ్లినవాడు ఇంకాసేపట్లో వచ్చేస్తాడు. ఈలోగా ఏదో ఒకటి చెప్పాలి.

“మీరు చెప్పిందే నిజమప్పా,” అన్నాడు. “పుస్తకంలో అమ్మినాడనే ఉండాది. వీళ్లు అడివి మనుషులు. నేనొగటి చదివితే వీళ్లొగటి ఇన్యారు.”

పుల్లయ్య ఆయన ముఖంలోకి చూశాడు. ఆ మనిషికి అంతా అర్థమైపోయిందని చెన్నకేశవులుకు తెలిసింది. కావాలంటే అక్కడే నిలదీయవచ్చు. కాని పరాయి ఊళ్లో నవ్వులపాలు కావడం పుల్లయ్యకూ ఇష్టం లేదు.

“అంతేలేప్పా. ఈ దాసరయ్యనే అట్ల చెప్పుకుంటా తిరిగె, మేమూ నమ్మితిమి,” అని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మిగతావాళ్లు తలలూపారు. రాయైపోయిన బయ్యన్న కోసం ఏడ్చినవాళ్లే అందరూ.

నంద్యాలవాళ్లు మళ్లీ నవ్వారు, ఈసారి దాసరయ్యను చూసి. గురుస్వామి మాత్రం జాలిపడి, ఏమీ అనుకోవద్దని చెప్పి ఒక సోడా కొట్టించి ఇవ్వబోయాడు. దాసరయ్య అందుకోలేదు. ఇన్నేళ్లూ మాకు చెప్పిందంతా నువ్వు కట్టిందేనా అని ముసలి చెంచయ్య అందరూ వినేట్టు అడిగాడు. దాసరయ్య చెన్నకేశవులు వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే, తిట్టి ఉంటే, కాస్త నయంగా ఉండేదేమో. చెంచులు బస్సు దగ్గరికి రాలేదు. సుంకమ్మ కొత్త చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది. అందరూ ఒకరి వెనుక ఒకరు మహానంది దారిన కొండల వైపు నడిచిపోయారు. పుస్తకం తేవడానికి వెళ్లినవాడు వచ్చేసరికి దానితో ఎవరికీ పని లేకపోయింది.

తిరుగు బస్సులో ఆళ్లగడ్డవాళ్లు అట్టపాము గురించి, రాకుమారి పాటల గురించి మాట్లాడుకున్నారు. బయ్యన్న మాట ఎవరూ ఎత్తలేదు. చెన్నకేశవులు పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు. కూర్చోకూడదని అనుకుని కాదు, ఎవరికీ కూర్చోబుద్ధి కాలేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, పత్తిచేలు దాటినప్పుడల్లా కళ్లు మూసుకున్నాడు. మూసుకుంటే తాను అన్న మాట తన చెవుల్లోనే మళ్లీ వినపడుతోంది. ఎంత చక్కగా, ఎంత సాఫీగా అన్నాడో. వసారాలో కథ చెప్పే గొంతుతోనే అన్నాడు.

దాసరయ్య యాడని ఇంటి దగ్గర రామసుబ్బమ్మ అడిగింది. వాళ్లు అటునుంచి అటే పోయారని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు పుల్లయ్య పెళ్లాం ద్వారా ఆమెకు సంగతి తెలిసింది. ఆమె వచ్చి, ఆయన మంచం ముందు చేట పట్టుకుని నిలబడింది.

“ఆ కత తలుపు చాటున నేనూ ఇన్యా. ఏడిస్తి కూడా,” అంది. “నేను ఏ అడివి మనిషిని?”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె చేటతో వెళ్లి గింజలు చెరుగుతూ కూర్చుంది. ఆ చప్పుడు మధ్యాహ్నం దాకా వినిపిస్తూనే ఉంది.

సంతరోజు వచ్చింది. చెంచుగూడెం నుంచి ఎవరూ దిగలేదు. సాయంత్రం మాత్రం వసారా నిండింది. ఏమీ జరగనట్టు అందరూ ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. ఈ పొద్దు ఎవరూ రాకుంటే బాగుండునని చెన్నకేశవులు అనుకున్నాడు. వాళ్లు రావడమే ఎక్కువ నొప్పిగా ఉంది.

“ఆ సినిమాది పక్కన పెట్టప్పా,” అన్నాడు పుల్లయ్య. “మన బయ్యన్నది చదువు.”

వీళ్లకు బయ్యన్న కావాలి. తనకూ కావాలి. దాసరయ్య ఎవరికీ అక్కరలేదు. చెన్నకేశవులు పుస్తకం తెరిచి నాలుగో గవాక్షం దాకా వచ్చాడు. మాంత్రికుడు సారా చూపించాడు. బయ్యన్న ఛీకొట్టాడు. ఆ తర్వాత మాట రాలేదు. దగ్గొచ్చినట్టు నటించాడు, నీళ్లు తాగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. అక్కడికొచ్చేసరికి మళ్లీ అంతే. ఒంట్లో బాగాలేదని చెప్పి పుస్తకం మూసేశాడు. ఇంత చిన్నదానికి ఇంత పట్టింపెందుకప్పా అని పుల్లయ్య మెల్లగా అన్నాడు. చెన్నకేశవులు పుస్తకం తీసుకుని లేచాడు. పట్టింపు తమలో ఒక్కడికీ లేకపోబట్టే గదా ఇంతవరకు వచ్చింది.

మర్నాడు పొద్దున్నే అహోబిలం వెళ్లే బండి ఒకటి దొరికితే ఎక్కాడు. దిగువ అహోబిలం నుంచి కాలినడక. దారిపొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. గూడెంవాళ్ల అందరి ఎదుటా తప్పు ఒప్పుకోవాలి. దాసరయ్య అబద్ధాలకోరు కాదని, అబద్ధం తనదని చెప్పాలి. వాళ్లు తిడతారు, తిట్టించుకోవాలి. తిట్లు తింటే ఈ బరువు కొంతైనా దిగుతుందని ఆయన ఆశ. తప్పు ఒప్పుకోవడానికి పోతున్నవాడిలో కూడా బేరం ఉంటుంది. అది ఆయనకు తెలియకపోలేదు.

గూడెం చేరేసరికి పొద్దు నెత్తిమీదికొచ్చింది. దాసరయ్య గుడిసె ముందు కూర్చుని, తేనెకు లోయలోకి దిగే తాడు కోసం నార పేనుతున్నాడు. ఆయన్ను చూసి లేచి, కూర్చోమని చెట్టునీడలో బండ చూపించాడు. సుంకమ్మ సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చి ఇచ్చింది. చెన్నకేశవులు కూర్చోలేదు. చెంచయ్యను, చుట్టుపక్కలవాళ్లను పిలిపించి, అందరూ చేరాక నిలబడే చెప్పాడు. దాసరయ్య మీకు చెప్పింది వసారాలో విన్నదే, ఒక్క మాట కూడా అతను కల్పించలేదు, నంద్యాలలో మాట మార్చింది నేను అన్నాడు.

“అట్లయితే పుస్తకంలో మావోడు అమ్మినాడా, లేదా?” అని అడిగాడు చెంచయ్య.

“అమ్మినాడనే ఉండాది,” అన్నాడు చెన్నకేశవులు. “ఆ రాయయ్యేది నేను కట్టినది. ఆ సంగతి దాసరయ్యకు తెల్దు.”

ఇక తిట్లు మొదలవుతాయని ఆయన తల వంచుకున్నాడు. సుంకమ్మ నీళ్ల బుర్ర ఆయన చేతిలోంచి తీసుకుంది.

“తెల్యకేం సామీ,” అంది. “మొదటిసారి ఇన్నప్పుడే తెలుసు. ఆ ముక్క చెప్పేటప్పుడు నువ్వు పుస్తకం తట్టు సూడల్యంట, ఈయప్ప మొగం సూసి చెప్పినావంట. ఇంటికొచ్చి నాతో అనె. పుస్తకంలో ఏముండాదో గాని, అది మాత్రం సామి సొంత మాట అని.”

చెన్నకేశవులు బండ మీద కూలబడ్డాడు. తాను దాచాననుకున్నది ఈ మనిషి మొదటిరోజు నుంచే ఎరుగును. ఎరిగే వారం వారం కొండ దిగి వచ్చాడు, మెట్టు పక్కన కూర్చున్నాడు, పుల్లయ్య చేతి బీడీ తీసుకున్నాడు.

“తెలిసీ ఆడ నన్ను అడగమంటివే,” అన్నాడు చెన్నకేశవులు.

దాసరయ్య చేతిలో నార పక్కన పెట్టాడు.

“నీ మాటని తెలిసే అడగమంటి. పుస్తకం రాసినోడు మమ్మల్ని సూసినోడు కాదు, సినిమా తీసినోడూ కాదు. నువ్వు సూసినోనివి. మావోడు అమ్మేవోడు కాదని నీకు తెలిసె, చెప్తివి. నీ వసారాలో తెలిసినది నంద్యాలలో ఎందుకు తెలియకపాయ సామీ?”

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. చెన్నకేశవులు నోరు తెరిచాడు. మాంత్రికుడి మాటను, రాయైపోయే మనిషిని ఒక్క గుక్క నీళ్లు తాగేలోగా పుట్టించిన నోరు అది. భయపడ్డాను అనే ఒక్క మాట చాలు, అది కూడా రాలేదు. దాసరయ్య కాసేపు ఆగి చూశాడు. తర్వాత నార అందుకుని మళ్లీ తాడు పేనడం మొదలుపెట్టాడు.